బళ్ళారి రాఘవ: దెబ్బ కొట్టే చేతిని చూపించిన నటుడు

కీచకుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, పఠాన్ రుస్తుం. తెలుగు నాటకరంగంలో బళ్ళారి రాఘవ పేరు నిలబెట్టిన వేషాల్లో ముఖ్యమైనవి ఇవి. నాలుగూ కొట్టేవాళ్ళ వేషాలే. ఒకడు దాసిగా బతుకుతున్న ఆడమనిషి మీద చెయ్యి వేసినవాడు. ఒకడు నిండు సభలో ఆడమనిషి చీర లాగించినవాడు. ఒకడు కన్నకొడుకును ఏనుగులతో తొక్కించబోయినవాడు. ఇంకొకడు పగబట్టి కత్తి పట్టినవాడు. నలభై ఏళ్ళపాటు రాఘవ ఈ బలవంతుల ఒంట్లోకి దూరి, బలం ఎక్కడ పుడుతుందో, చెయ్యి ఎందుకు లేస్తుందో ప్రేక్షకులకు విప్పి చూపించాడు.

ఈరోజు వాడల్లో వీధి నాటకాలు వేసే పిల్లలకు దొర వేషం, పోలీసు వేషం, దాడి సన్నివేశం తప్పనిసరి. మన కథల్లో దెబ్బలు ఉంటాయి, ఎందుకంటే మన బతుకుల్లో ఉన్నాయి. ఆ దెబ్బను వేదిక మీద ఎలా చూపించాలి? కొట్టేవాడి వేషం ఎవరు వేయాలి, దెబ్బ తినే ఒంటికి కాపలా ఎవరు? ఈ ప్రశ్నలు పట్టుకుని రాఘవ జీవితం చదివితే మనకు పనికొచ్చేవి కొన్ని దొరుకుతాయి. ఆయనకు కనిపించకుండా పోయినవీ కొన్ని తెలుస్తాయి.

కరువు వెళ్ళిన రెండేళ్ళకు

రాఘవ 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టాడు. పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమాంబ. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. తాడిపత్రి బళ్ళారి జిల్లాలో ఉండేది. 1882లో బళ్ళారిని చీల్చి అనంతపురం జిల్లా చేశారు. అంటే రాఘవ పుట్టుకలోనే ఈ రెండు ఊళ్ళూ కలిసి ఉన్నాయి.

ఆయన పుట్టడానికి ముందు నాలుగేళ్ళలో ఈ నేల ఎలా ఉండిందో గుర్తు చేసుకోవాలి. 1876 నుంచి 1878 దాకా దక్షిణ భారతాన్ని తినేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో బళ్ళారి ఒకటి. సెంటు భూమి లేనివాళ్ళు, కూలి దొరక్కపోతే ఆ పూట పొయ్యి వెలగనివాళ్ళు ముందు పోయారు. వాళ్ళలో మాల మాదిగలు ఎంతమందో ఊహించడం కష్టం కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే ఈ పీఠభూమిలో కరువు అందరికీ వస్తుంది. చావు మాత్రం కులాన్నీ భూమినీ చూసుకుని వస్తుంది.

రాఘవ కుటుంబం చదువున్న బ్రాహ్మణ కుటుంబం. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో ధర్మవరంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడి, అక్కడ సరస వినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించాడు. 'చిత్రనళీయం', 'విషాద సారంగధర' ఆయనవి. తెలుగువాళ్ళు ఆయన్ని ఆంధ్ర నాటక పితామహుడు అన్నారు. అదే ఊళ్ళో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు చారిత్రక నాటకాలు రాశాడు. ఈ ఇద్దరి మధ్య, ఈ రెండు సభల పోటీ మధ్య రాఘవ పెరిగాడు. బళ్ళారిలో మెట్రిక్, ఆ తర్వాత మద్రాసులో చదువు. 1905లో లా పట్టా పుచ్చుకుని బళ్ళారి తిరిగొచ్చి వకీలు అయ్యాడు. తర్వాత ప్రభుత్వ వకీలుగా కూడా పనిచేశాడు.

ఆ సభల స్వభావం ఏమిటో చూడాలి. నాటకం రాసేది వకీలు, ఆడేది వకీలు, గుమాస్తా, పంతులు. స్త్రీ పాత్ర వేసేది మీసం గీసుకున్న మగవాడు. పగలంతా కోర్టులో, కచేరీలో పనిచేసి రాత్రి రంగు పూసుకున్న ఈ పెద్దమనుషులకు నాటకం గౌరవం తెచ్చింది. డబ్బు అవసరం లేదు కాబట్టి రాఘవ తన కళను అమ్ముకోలేదు. ప్రదర్శనల వసూళ్ళు ధర్మ కార్యాలకు ఇచ్చేవాడు. అది ఆయన మంచితనమే. కానీ అదే కాలంలో అదే నేల మీద ఇంకో రంగస్థలం ఉంది.

అదే నేల మీద ఇంకో ఆట

అనంతపురం పల్లెల్లో ఉరుముల నృత్యం మాల కుటుంబాల చేతుల్లో బతికింది. జాతరలో, గ్రామదేవత ముందు, వాన కోసం మొక్కుకున్న రోజున ఉరుము మోగాలి. ఆ వాద్యం మోత ఆకాశపు ఉరుములా ఉంటుందనే ఆ పేరు. బళ్ళారి వైపు బయలాటలో వీరులు ఎగిరి దూకి యుద్ధం ఆడతారు. తెలంగాణలో చిందు మాదిగలు చిందు భాగవతం ఆడతారు. చిందు అంటేనే ఎగిరి వేసే అడుగు. రాయలసీమ పల్లెల్లో కర్రసాము ఉంది. దెబ్బ వేసే తీరు, కాచుకునే తీరు, అడుగు వెనక్కి తీసే తీరు అన్నీ లెక్కగా నేర్పే విద్య అది.

అంటే వేదిక మీద యుద్ధం ఎలా ఆడాలో తెలిసిన ఒళ్ళు ఈ నేలలో ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో చాలా భాగం వాడ ఒళ్ళు. వకీళ్ళ నాటకం గౌరవమైంది. డప్పు కొట్టడం, చిందు వేయడం మాత్రం వెట్టి అయింది. రాఘవ వేదిక మీద ఆడితే ఊరు పూలదండ వేసింది. మనవాళ్ళు ఊరి ముందు ఆడితే గింజలు విదిల్చి దూరంగా నిలబెట్టింది. కళ ఒకటే అయినా, దాన్ని మోసే కులాన్ని బట్టి దాని పేరు మారింది. ఈ తేడా మరిచిపోయి రాఘవ జీవితం చెప్పుకుంటే సగం చెప్పినట్టే.

పద్యం ఆగిపోయిన చోట

రాఘవ వేదిక ఎక్కే నాటికి తెలుగు నాటకంలో పద్యం రాజ్యమేలుతోంది. యుద్ధ సన్నివేశం వచ్చిందంటే భీముడూ దుర్యోధనుడూ గదలు భుజాన వేసుకుని, హార్మోనియం శ్రుతి అందుకుని, ఒకరి తర్వాత ఒకరు రాగం తీసేవారు. రాగం ఎంత సాగితే అంత చప్పట్లు. జనం వన్స్ మోర్ అంటే చచ్చిపడిన పాత్ర కూడా లేచి మళ్ళీ పద్యం పాడి పడిపోయిందని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. గద చెక్కదో గుడ్డదో, కత్తికి వెండి కాగితం. ఆయుధం ఎదుటివాడిని తాకకపోయినా ఎవరికీ పట్టదు. అక్కడ యుద్ధం గొంతులో జరుగుతోంది.

రాఘవ దీన్ని ఒప్పుకోలేదు. నటుడు మాట్లాడాలి, పాత్ర మనసులో ఏం జరుగుతోందో ముఖంలో, కంట్లో, ఒంట్లో కనబడాలి అన్నది ఆయన పట్టుదల. పద్యాలు తగ్గించాడు. సాగదీసే రాగాలను వద్దన్నాడు. బళ్ళారిలో షేక్‌స్పియర్ క్లబ్బు పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడాడు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగు భాషల్లో వేషం కట్టాడు. షేక్‌స్పియర్ వేదిక మీద హత్య ఉంది, కత్తి ఉంది, గొంతు నులమడం ఉంది. అక్కడ పద్యం పాడి తప్పించుకోవడానికి లేదు. ఒథెల్లో భార్యను చంపబోయే ముందు ఎంతసేపు తటపటాయిస్తాడన్నదే నాటకం. రాఘవ మన పురాణ పాత్రలకు ఆ తటపటాయింపును తెచ్చాడు. ఆయన దుర్యోధనుడు తోలుబొమ్మలా మీసం మెలేసే దుష్టుడు కాదు. తన వైపు న్యాయం ఉందని నమ్మే మనిషి. హిరణ్యకశిపుడు అరిచే రాక్షసుడు కాదు. కొడుకు తన చేతి నుంచి జారిపోతుంటే భయపడే తండ్రి.

నటన నేర్చుకునేవాళ్ళకు ఇక్కడ ఒక పెద్ద పాఠం ఉంది. దెబ్బ బలం చేతి వేగంలో ఉండదు. దెబ్బకు ముందు ఆగే క్షణంలో ఉంటుంది. కొట్టేవాడి కన్ను ఎదుటి మనిషిని మనిషిగా చూడడం మానేసే ఆ క్షణాన్ని ప్రేక్షకుడికి పట్టిస్తే, ఆ తర్వాత చెయ్యి ఒంటిని తాకకపోయినా చాలు. ప్రేక్షకుడు ఆ దెబ్బ తన వీపు మీద పడినట్టు ఉలిక్కిపడతాడు. బలం గురించి రాఘవ వేషాలు చెప్పిందీ ఇదే.

రుస్తుం, నిషేధం

కోలాచలం శ్రీనివాసరావు రాసిన విజయనగర పతన నాటకంలో రాఘవ పఠాన్ రుస్తుం వేషం వేశాడు. 1565 నాటి రక్కసి తంగడి యుద్ధం, అళియ రామరాజు పతనం దాని కథ. ఆ యుద్ధం తర్వాతే రాజధాని మన పెనుకొండకు మారింది. అంటే అది సీమ జనానికి సొంత ఊరి కథ. రుస్తుం రామరాజు మీద పగబట్టిన పఠాను. హిందూ రాజు పతనం మీద నాటకంలో ముస్లిం పాత్రను ఉత్త విలన్‌గా ఆడేయడం తేలిక. రాఘవ ఆ పగకు కారణం కనబడేలా, ఆ మనిషికి అభిమానం ఉందని తెలిసేలా ఆడాడు. ఆ వేషం ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. హిందూ ముస్లింల మధ్య గొడవలు లేస్తాయని బ్రిటిష్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది.

ఈ నిషేధాన్ని రెండు రకాలుగా చూడాలి. వలస ప్రభుత్వం నాటకానికి భయపడింది నిజమే. కానీ వేదిక మీద కత్తి దూస్తే వేదిక కింద ఏం కదులుతుందో నాటకం వేసేవాళ్ళకు కూడా బాధ్యత ఉంటుంది. ఈరోజు ఒక ఊళ్ళో దాడి సన్నివేశం ఆడితే, ప్రేక్షకుల్లో దాడి చేసినవాళ్ళ బంధువులూ ఉంటారు, దెబ్బ తిన్నవాళ్ళ తల్లులూ ఉంటారు. ఎవరి కోపం ఎటు మళ్ళుతుందో ముందే ఆలోచించుకోవాలి. రుస్తుం పగను అర్థమయ్యేలా ఆడడం ద్వారా రాఘవ ఒక దారి చూపించాడు. శత్రువు కులాన్నో మతాన్నో రాక్షసం చేయకుండా, అతను చేసిన పనిని నిలదీయొచ్చు.

జుట్టు పట్టుకునే చెయ్యి

రాఘవ చేసిన పనుల్లో అన్నిటికంటే ఎక్కువ ఎదురుదెబ్బలు తెచ్చింది, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలనడం. దారిద్ర్యంతో, కులంతో ఆటకు కట్టేయబడ్డ స్త్రీలు అప్పటికే జాతరల్లో, మేళాల్లో ఆడుతున్నారు. గౌరవ కుటుంబాలు అనిపించుకున్న ఇళ్ళ స్త్రీలు మాత్రం వేదికకు దూరం. ఆ గీత దాటించాలని రాఘవ పట్టుబట్టాడు. కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళు ఆయన పక్కన వేషం కట్టారు. ఊళ్ళు వెక్కిరించాయి, పెద్దలు మండిపడ్డారు. ఆయన వెనక్కి తగ్గలేదు. పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' లాంటి సాంఘిక నాటకాలు ఆడి, పురాణం వదిలి ఇంటి లోపల జరిగే అన్యాయాన్ని వేదిక ఎక్కించాడు. ఆ రాజమన్నారే తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.

నాటకంలో దాడిని నేర్పేవాళ్ళకు ఈ మార్పు చాలా ముఖ్యం. సైరంధ్రి వేషం మగవాడు వేసినంతకాలం కీచకుడి చెయ్యి ఎక్కడ పడినా అది ఆటే. సైరంధ్రిగా ఒక స్త్రీ నిలబడితే లెక్క మారుతుంది. ఆ చెయ్యి ఎక్కడ పడాలి, ఎంత గట్టిగా, ఎన్ని లెక్కల తర్వాత వదలాలి అన్నది ఆమెతో కూర్చుని తేల్చుకోవాల్సి వస్తుంది. ఆమె ఒప్పుకోని తాకిడి వేదిక మీద జరిగినా దాడే.

ఇంకో మాట. కీచకుడి కథ మనకు కొత్త కాదు. సైరంధ్రి పనిమనిషి. కీచకుడు రాణి తమ్ముడు. ఆమె సభలో మొరపెట్టుకుంటే రాజు నోరు మెదపడు. పొలం గట్టున, దొర గడీలో, ఇటుక బట్టీ దగ్గర ఈ కథ ఎన్నిసార్లు జరిగిందో వాడలోని ఏ అవ్వనడిగినా చెబుతుంది. పురాణంలో సైరంధ్రి మారువేషంలో ఉన్న రాణి కాబట్టి భీముడు వచ్చాడు. మన ఆడబిడ్డలు మారువేషంలో లేరు. వాళ్ళ కోసం భీముడు రాడు. ఈ తేడాను వేదిక మీద చెప్పడం బళ్ళారి సభల వల్ల కాలేదు. ఆ పని దళిత నాటకానికి మిగిలింది.

కబీరు వేషం

1927లో గాంధీ దక్షిణాదిలో ఉన్నప్పుడు రాఘవ బృందం ఆయన ముందు హిందీలో 'దీనబంధు కబీర్' ఆడింది. కొద్దిసేపే ఉంటానని వచ్చిన గాంధీ చాలాసేపు కూర్చుని చూశాడని, మెచ్చుకున్నాడని రాఘవ జీవితం రాసినవాళ్ళందరూ చెప్పారు. మనకు గాంధీ మెచ్చుకోలు కంటే కబీరు ముఖ్యం. నేత పని చేసుకుంటూ బ్రాహ్మణుడినీ ముల్లానూ ఒకే నోటితో ప్రశ్నించిన కబీరును బాబాసాహెబ్ అంబేడ్కర్ తన ముగ్గురు గురువుల్లో ఒకరిగా లెక్కపెట్టుకున్నాడు. మిగతా ఇద్దరు బుద్ధుడు, ఫూలే. అదే 1927లో మహాడ్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. తాగి తిరిగొస్తున్న జనం మీద సవర్ణులు కర్రలతో పడ్డారు. వేదిక మీద కబీరు, చెరువు గట్టున కబీరు వారసులు. ఒకరికి చప్పట్లు, ఇంకొకరికి కర్రదెబ్బలు. ఒకే ఏడాది ఈ దేశంలో ఈ రెండూ జరిగాయి.

మరుసటి ఏడాది రాఘవ ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడి నాటకాలు చూశాడు, బెర్నార్డ్ షాను కలిశాడు. అంతకుముందు సింహళం కూడా వెళ్ళి వచ్చాడు. తిరిగొచ్చాక ఆయన పట్టుదల ఇంకా గట్టిపడింది. నాటకం మాట్లాడాలి, ఇవాళ్టి సంగతి మాట్లాడాలి.

వెండితెర మీద

1936లో వచ్చిన 'ద్రౌపదీ మానసంరక్షణం' సినిమాలో రాఘవ దుర్యోధనుడు. అదే కథతో అదే ఏడాది 'ద్రౌపదీ వస్త్రాపహరణం' కూడా వచ్చింది. పోటీలో రాఘవ సినిమా ఓడిపోయింది. అందులో పాఠం ఉంది. వేలమంది ముందు నిలబడి, చివరి వరుస దాకా దెబ్బ మోత వినిపించే నటుడికి కెమెరా కొత్త. సినిమా ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తుంది. వేదిక మీద ఆగిన క్షణాన్ని నటుడు తన ఒంటితో పట్టి ఉంచాలి. సినిమా చూసి వేదిక మీద ఫైట్ చేయబోయే మన కుర్రాళ్ళు తరచూ తప్పుదారి పట్టేది ఇక్కడే. తెర మీద మనిషి గాల్లో ఎగిరి పడితే వెనక తాడు ఉంటుంది, కింద పరుపు ఉంటుంది. మన వాడ చావిడి ముందు అవేవీ ఉండవు.

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో రాఘవ రైతుగా నటించాడు. అంతకు ముందు ఏడాది అదే దర్శకుడు 'మాలపిల్ల' తీసి అంటరానితనం గురించి తెలుగు తెర మీద మాట్లాడాడు. 'రైతుబిడ్డ' జమీందారీ దౌర్జన్యాన్ని ఎత్తిచూపింది. జమీందార్లు కోపగించారు, కొన్నిచోట్ల సినిమాను ఆడనివ్వలేదు. జీవితమంతా రాజుల, బలవంతుల వేషాలు వేసిన రాఘవ ఆ సినిమాలో బలవంతుడికి ఎదురు నిలబడే పక్షం చేరాడు. 1940లో 'చండిక'లో నటించాడు. సినిమాలు ఆ మూడే.

తలుపు అవతల ఉన్నవాళ్ళు

రాఘవ స్త్రీల కోసం తలుపు తెరిచాడు. కులం కోసం తెరిచిన తలుపు అంత పెద్దది కాదు. ఆ వేదిక మీద దళితుడు పాత్ర అయినా, నటుడు కాలేకపోయాడు. ఇది ఒక్క రాఘవ తప్పుగా చెప్పి దులుపుకుంటే సరిపోదు. బావి, బడి, గుడి, హోటలు, నాటకశాల అన్నీ ఒకే గీత మీద నడిచిన కాలం అది. పబ్లిక్ చోట్ల అంటరానివాళ్ళను అడ్డుకోవడాన్ని నేరం చేస్తూ మద్రాసు రాజధానిలో పౌర నిషేధాల తొలగింపు చట్టం వచ్చింది 1938లో. దాని వెనుక ఎం.సి. రాజా శ్రమ ఉంది. అప్పటికి రాఘవకు 58 ఏళ్ళు. ఆయన రంగస్థల జీవితం దాదాపు ముగిసిపోయింది.

ఆ గీత అవతల ఏం జరుగుతోందో తెలియాలంటే గుర్రం జాషువాను గుర్తు చేసుకోవాలి. 1915 ప్రాంతంలో ఇరవై ఏళ్ళ జాషువా రాజమండ్రిలో మూకీ సినిమాల హాలులో కథ చదివి వినిపించే పని చేశాడు. తెర మీద బొమ్మలు కదులుతుంటే, పోట్లాడుతుంటే, వాటికి నోరు ఇచ్చింది ఒక అంటరాని కుర్రాడు. బొమ్మకు గొంతు ఇచ్చిన ఆ మనిషికి ఊళ్ళో అద్దె ఇల్లు దొరకడం గగనం. ఆయనే తర్వాత 'గబ్బిలం' రాశాడు. తర్వాతి తరంలో బోయి భీమన్న 'పాలేరు' నాటకం రాసి, చదువుకుని ఎదిగే పాలేరును వేదిక మధ్యలో నిలబెట్టాడు. ఎన్నో పల్లెల్లో ఆ నాటకం చూసి పాలేర్ల పిల్లలు బడి బాట పట్టారు. రాఘవ వేదిక మీద తెచ్చిన సహజత్వం ఇక్కడికి చేరాకే దానికి సొంత కథ దొరికింది.

ఆయన తర్వాత

1946 ఏప్రిల్ 16న రాఘవ చనిపోయాడు. అప్పటికి మూడేళ్ళ ముందే ప్రజానాట్యమండలి పుట్టింది. గరికపాటి రాజారావు దర్శకత్వంలో సుంకర, వాసిరెడ్డి రాసిన 'మా భూమి'ని వందకు పైగా దళాలు ఊరూరా ఆడాయి. దొర, గూండా, రైతు, కూలి అందరూ వేదిక ఎక్కారు. పొలంలో పనిచేసే చేతులే వేదిక మీద కర్ర పట్టాయి. సర్కారు దాన్నీ నిషేధించింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది. రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిసింది. బళ్ళారిలో రాఘవ పేరుతో కళామందిరం ఉంది. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలో, పేరు తెచ్చిన ఊరు ఇంకో రాష్ట్రంలో మిగిలాయి.

1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఆ తర్వాత తెలుగు నేల మీద దళిత పాట, దళిత నాటకం వేరే దారి పట్టాయి. డప్పు వెట్టి నుంచి బయటపడి ఊరేగింపు ముందుకు వచ్చింది. ఆ నాటకాల్లో దాడి సన్నివేశం కల్పన కాదు. చూసేవాళ్ళలో కొందరు ఆ గొడ్డళ్ళనూ బరిసెలనూ కళ్ళతో చూసినవాళ్ళు.

కొట్టుడు నేర్పేవాళ్ళకు

అందుకే రాఘవ దగ్గర నేర్చుకున్నదాన్ని వాడ చావిడి ముందుకు తెచ్చుకోవాలి. దాడి సన్నివేశం నేర్పేవాళ్ళు పాటించాల్సినవి నాటకం తెలిసినవాళ్ళందరికీ తెలిసినవే. ఉద్యమ నాటకంలో హడావుడిలో మరిచిపోతాం కాబట్టి చెప్పుకోవాలి.

దెబ్బ తినే మనిషి చేతిలోనే సన్నివేశం ఉండాలి. జుట్టు పట్టి ఈడ్చే చోట, కొట్టేవాడు పిడికిలి ఆమె తల మీద ఆనిస్తాడు. ఆమె తన రెండు చేతులతో ఆ మణికట్టును తలకు అదిమి పట్టుకుని తానే కదులుతుంది. లాగుతున్నట్టు కనబడేది అతను, కదిలేది ఆమె. ఆమె ఆగితే ఆట ఆగుతుంది. చెంపదెబ్బకు మూరెడు దూరం ఉండాలి. చెయ్యి ముఖం ముందు నుంచి గాలిలో పోతుంది. మోత దెబ్బ తినేవాడో పక్కవాడో ప్రేక్షకులకు కనబడకుండా చరిచే చప్పట్లోంచి వస్తుంది. దెబ్బకు ముందు ఇద్దరి కళ్ళూ కలవాలి. అది సిద్ధమేనా అని అడగడం, సిద్ధమే అని చెప్పడం. కళ్ళు కలవకపోతే చెయ్యి లేవకూడదు.

అడుగులు లెక్కపెట్టి కట్టాలి. డప్పు ఇందుకు మనకున్న గొప్ప సాధనం. ఏ దరువుకు కర్ర లేస్తుందో, ఏ దరువుకు మనిషి పడతాడో కట్టేస్తే ఆవేశంలో చెయ్యి దాటిపోదు. మొదట నడక వేగంలో, తర్వాత సగం వేగంలో, చివరికే పూర్తి వేగంలో. ప్రదర్శన రోజు జనం రాకముందు అదే చోట ఒకసారి నెమ్మదిగా ఆడుకోవాలి. అనంతపురం నేల గట్టిది, రాళ్ళు ఎక్కువ. పడే చోట రాళ్ళు ఏరి, ఇసుకో గడ్డో పరవాలి. కర్రకు పగులుందేమో వేలితో తడిమి చూడాలి. కర్రసాము తెలిసిన పెద్దాయన ఊళ్ళో ఉంటే ఆయన్నే పిలిచి కూర్చోబెట్టుకోవాలి. పట్టణం నుంచి వచ్చిన డైరెక్టర్ కంటే ఆయనకు ఎక్కువ తెలుసు.

అన్నిటికంటే ముఖ్యం, వేషాల పంపకం. దొర వేషం ఎప్పుడూ ఒకే కుర్రాడికి, దెబ్బలు తినే వేషం ఎప్పుడూ ఒకే అమ్మాయికి ఇవ్వకూడదు. సాధనలోనైనా మార్చుకోవాలి. కొట్టే చేతి లోపల ఏముందో దెబ్బ తినేవాళ్ళకు తెలియాలి. ఇక నిజంగా దాడిలో మనిషిని పోగొట్టుకున్న ఇంటి పిల్లను ఆ సన్నివేశంలోకి ఒత్తిడి చేసి దించకూడదు. ఆమె వద్దంటే ఆ మాటే చివరి మాట. ఆట అయ్యాక కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ కలిసి కూర్చుని టీ తాగాలి, వేషాన్ని అక్కడే విప్పి పెట్టాలి.

తాడిపత్రిలో పుట్టిన ఆ బ్రాహ్మణ వకీలు బలవంతుడి ముఖాన్ని దాచకుండా చూపించాడు. ఆ ముఖం ఎదురుగా నిలబడ్డ మన ముఖాన్ని మనమే చూపించుకోవాలి. దెబ్బ తిన్న మనిషి మళ్ళీ ఎలా లేచి నిలబడుతుందో ఆడి చూపించడం పడిపోవడం ఆడినంత తేలిక కాదు. దానికి ఇంకా ఎక్కువ సాధన కావాలి. ఈ వేసవిలో నాటకం కట్టే బృందాలు ఆ లేచే సన్నివేశానికి ఒక పూట ఎక్కువ కేటాయిస్తే చాలు.